మేనకోడలి తెల్లపొడి

మార్చి ముగింపు లెక్కలు సర్దేసి, ఏప్రిల్ మొదటి వారంలో రెండు రోజులు సెలవు పెట్టి అమ్మను చూడ్డానికి నాగలాపురం వెళ్ళాను. పంగుని ఎండ మండిపోతోంది. మా కరిసల్ నేల అప్పటికే నెరెలు విచ్చి ఉంది. మిద్దె మీద మిరపకాయలు ఆరబోశారు. వాటి పక్కనే పిట్టగోడకు ఆనించి మూడు గాజు సీసాలు నిలబెట్టి ఉన్నాయి. మూడింటిలోనూ నారింజరంగు నీళ్ళే. ఒకదానికి మాత్రం నల్లగుడ్డ చుట్టి ఉంది.

అవి మా అక్క కూతురు పెట్టినవి. రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేసిన పిల్ల. వయసు ముప్పై నాలుగు. మన జిల్లాల్లోనే ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతోంది. అవ్వకు తన పని ఏమిటో చూపించాలని ఆ పొద్దున బస్సెక్కి వచ్చిందట. మొదటి సీసాలో రంగునీళ్ళు మాత్రమే ఉన్నాయి, ఎండలో. రెండోదానిలో రంగునీళ్ళు, చిటికెడు తెల్లపొడి, కాని నల్లగుడ్డ చీకట్లో. మూడోదానిలో రంగునీళ్ళు, పొడి, ఎండ అన్నీ. గంటకొకసారి మెట్లెక్కి వెళ్ళి మూడో సీసాను ఊపి వస్తోంది.

మధ్యాహ్నం మూడున్నరకు అమ్మను చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి తీసుకువెళ్ళాం. మొదటి సీసా పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. గుడ్డ విప్పితే రెండోదీ అంతే. మూడో సీసాలో మాత్రం నీళ్ళు తేటపడి, అడుగున తెల్లని మడ్డి పేరుకుని ఉంది. రంగు ఆనవాలు లేదు.

“ఏమే, ఏ మందు వేస్తివి?” అంది అమ్మ.

“మందు కాదు అవ్వా, సున్నం లాంటి పొడి. పని చేసింది ఎండ.”

“మన ఊళ్ళో ఎండకేమి కరువు!” అని అమ్మ నవ్వింది. తర్వాత ఆ సీసాను వంచి కరివేపాకు చెట్టుకు పోయబోయింది. పిల్ల గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపింది. ఎందుకు ఆపిందో తర్వాత చెబుతాను. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నేను వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి. కోవిల్‌పట్టి జి.వి.ఎన్. కళాశాలలో బి.కాం. చేసి, అక్కణ్ణించి నేరుగా బ్యాంకులో పడ్డాను. రసాయనశాస్త్రంతో నాకున్న పరిచయం పదో తరగతితో సరి. అందువల్ల ఆ సాయంత్రం ఆ పిల్ల చెప్పింది నాకు అర్థమైన రీతిలోనే చదువరుల ముందు పెడుతున్నాను. శాస్త్రం తెలిసినవారు మన్నించాలి.

ఆ పొడి జింక్ ఆక్సైడ్. ముఖానికి పూసుకునే పౌడర్లలో, పిల్లల చర్మం కందితే రాసే లేపనాల్లో ఉండేదే. దీనికి అన్నలాంటిది టైటానియం డయాక్సైడ్, అంటే మన గోడల తెల్లరంగులో తెలుపంతా ఇచ్చేది. ఆ టైటానియం వచ్చేది ఎక్కడినుంచో అనుకోకండి, కన్యాకుమారి జిల్లా మణవాళకురిచ్చి కడలితీరపు నల్ల ఇసుకలో కూడా ఉంది. ఈ పొడుల గింజ మీద సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణం పడితే, లోపల ఒక ఎలక్ట్రాన్ తన చోటు విడిచి పైకి లేస్తుందట. అది విడిచిన చోటు ఖాళీగా మిగులుతుంది. దానికి రంధ్రం అని పేరు. “మామా, మీ డెబిట్, క్రెడిట్ అనుకోండి” అంది. ఒక పద్దు ఎగిరితే దానికి సరిజోడు పద్దు పుట్టింది. ఆ రంధ్రం పక్కనున్న నీటినుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటుంది, అక్కడ హైడ్రాక్సిల్ రాడికల్ అనే మహా ఆకలిగొన్న ముక్క పుడుతుంది. ఎగిరిన ఎలక్ట్రాన్ నీటిలో కరిగిన ప్రాణవాయువును పట్టుకుంటుంది. ఈ రెండు దారులా పుట్టిన ముక్కలు రంగు అణువును కొరికి కొరికి పెడతాయి. మన అద్దకపు రంగుల్లో చాలావాటికి నడుమ రెండు నత్రజని పరమాణువుల జత ఒకటి ఉంటుంది. అది తెగితే రంగు పోతుంది. ఇంకా ఓపికపట్టి ఎండలో ఉంచితే మిగిలిన ముక్కలు కూడా తెగి, చివరికి బొగ్గుపులుసు వాయువు, నీళ్ళు, కొన్ని లవణాలు అవుతాయి.

మరి అన్నిసార్లూ ఇలా జరుగుతుందా అంటే జరగదు. ఎగిరిన ఎలక్ట్రాన్లలో ఎక్కువభాగం ఏ పనీ చేయకుండానే తిరిగి అదే రంధ్రంలో పడిపోతాయి. మా భాషలో చెప్పాలంటే, పొద్దున వేసిన పద్దును సాయంత్రం రద్దు పద్దు వేసి కొట్టేయడం. పుస్తకం నిండుతుంది, వ్యాపారం మాత్రం జరగదు. ఈ రద్దు పద్దును ఆపడానికే లోకంలో వేలమంది జీవితాలు ధారపోస్తున్నారు. గింజ మీద వెండి చుక్కలు అద్దితే ఎగిరిన ఎలక్ట్రాన్ వెండిలో చిక్కుకుని కాసేపు ఆగుతుంది. ఆ కాసేపు చాలు. గింజను ఎంత చిన్నది చేస్తే అంత మంచిది, అందుకే నానో. మీటరులో వందకోట్లవ వంతు నానోమీటరు. ఇరవై ముప్పై నానోమీటర్ల గింజలున్న పొడి ఒక్క గ్రాము తీసుకుని దాని పైభాగమంతా పరిస్తే యాభై చదరపు మీటర్లు వస్తుందంది. మా మిద్దె అంత! చిటికెడు పొడిలో మిద్దెంత నేల దాగి ఉందంటే నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

దీన్ని పరిశోధకులు కాంతి ఉత్ప్రేరకం అంటారు. ఈ మాట నేను తెలుగు పత్రికలో చదివి నేర్చుకున్నదే. ఆ పిల్లకు తెలియదు. ఆమె “వినైయూక్కి” అంది తమిళంలో. “ఉత్ప్రేరకం” అని నేను చెబితే రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకుని, “నోరు తిరగదు మామా” అని నవ్వింది. మా ఇళ్ళల్లో తెలుగు ఉంది, అది మిరపతోట తెలుగు, వంటింటి తెలుగు. ప్రయోగశాలకు చాలినన్ని మాటలు అందులో లేవు. నేను కూడా లిపి నేర్చుకున్నది నలభై దాటాక, 2014లో హైదరాబాదుకు బదిలీ అయినప్పుడే. అప్పటిదాకా మనది కి. రాజనారాయణన్‌గారు ‘గోపల్ల గ్రామం’లో రాసిన జనం బాపతు, ఇంట తెలుగు, చేత తమిళం. ఇది పక్కదారి, మళ్ళీ విషయానికి వస్తాను.

ఈ విద్య ఇవాళ్టిది కాదు. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా అనే ఇద్దరు నీటిలో ముంచిన టైటానియం డయాక్సైడ్ పలక మీద వెలుతురు పడేలా చేసి నీటిని ఉదజని, ప్రాణవాయువులుగా విడగొట్టి చూపించారు. అక్కడ మొదలైంది. మురికినీటిని ఇలా శుద్ధి చేయవచ్చునని తర్వాతి ఏళ్ళలో తేలింది. మన తమిళనాడులో ఇది బాగా పాకింది. కారణం చెప్పనక్కర్లేదు, ఎండ ఉంది, అద్దకం ఉంది. చెన్నై అణ్ణా విశ్వవిద్యాలయంలో మురుగేశన్‌గారి బృందం 2003లో ప్రకటించిన పనిలో, యాసిడ్ బ్రౌన్ 14 అనే రంగును ఎండలో విరగ్గొట్టడంలో టైటానియం కంటే జింక్ ఆక్సైడే మెరుగని తేల్చారు. మా మిద్దె మీది సీసాలో జింక్ పడడానికి మూలం అదేనట. చిదంబరం అణ్ణామలై విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎం. స్వామినాథన్‌గారు, ఆయన శిష్యుడు మురుగానందం కలిసి 2004 ప్రాంతంలో రియాక్టివ్ ఆరెంజ్ 4 అనే రంగు మీద వరసగా పనిచేశారు. ఉత్త అతినీలలోహిత దీపంతో, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో, టైటానియంతో, ఎండతో, ఒకే రంగును ఎన్ని విధాల విరవచ్చో అన్ని విధాలా చూశారు. ఆయన శిష్యపరంపర తర్వాత జింక్‌కు వెండి జోడించి చూసింది. ఆయన తర్వాతి కాలంలో మన విరుదునగర్ జిల్లాకే వచ్చి, శ్రీవిల్లిపుత్తూర్ దగ్గర కృష్ణన్‌కోవిల్‌లోని కలశలింగం విశ్వవిద్యాలయంలో నానోపదార్థాల ప్రయోగశాలనుంచి పని సాగించారు. మా పిల్ల ఆయన శిష్యురాలు కాదు. కాని ఆమె సిద్ధాంత గ్రంథం చివర ఉన్న పట్టికలో ఆ పేరు ఎన్నిసార్లు వచ్చిందో నేనే లెక్కపెట్టబోయి మధ్యలో విడిచిపెట్టాను.

హైదరాబాదు తార్నాకలోని ఐ.ఐ.సి.టి.లో మాచిరాజు సుబ్రహ్మణ్యంగారు, దుర్గాకుమారిగారు ఇదే దారిలో ఏళ్ళ తరబడి కృషిచేశారు. పొడిని ఉత్తగా నీళ్ళలో కలిపితే తిరిగి పట్టుకోవడం కష్టం గనుక, జియోలైట్ అనే రంధ్రాల ఖనిజం మీద టైటానియాన్ని కూర్చి, ఫినాల్ వంటి విషాలను, ఐసోప్రొట్యూరాన్ అనే కలుపుమందును విరిచారు. మూడేళ్ళు హైదరాబాదులో ఉండి ఆ గోడ పక్కనుంచి ఎన్నిసార్లు పోయానో! లోపల మనవాళ్ళు ఏం చేస్తున్నారో ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. ఆ రోజుల్లో నా ధ్యాసంతా మొండి బకాయిల మీదే.

మొండి బకాయిలంటే తిరుప్పూర్ గుర్తుకొస్తుంది. ఇక్కడినుంచి నా సంగతి.

2005లో నేను తిరుప్పూర్‌లో రుణాల అధికారిని. అద్దకం యూనిటు ఒకటి విస్తరణకు అప్పు అడిగింది. తనిఖీకి వెళ్ళాను. యజమాని మర్యాదస్తుడు, మనలాగే కరువుసీమనుంచి వలసపోయి పైకొచ్చినవాడు. టీ ఇచ్చాడు. యంత్రాలు చూశాను, ఆర్డర్లు చూశాను, ఉమ్మడి శుద్ధి కేంద్రంలో సభ్యత్వపు కాగితం చూశాను. తిరిగి వస్తూ వెనకవైపు కాలువ కూడా చూశాను. ఆ రోజు అది ఊదారంగులో పారుతోంది. అమెరికాలో ఈ ఏడు ఏ రంగు బనియన్లు తొడుగుతారో నొయ్యల్ నదిని అడిగితే చెబుతుందని ఊళ్ళో ఎగతాళి చేసేవారు. నేనూ నవ్వాను. శాఖకు వచ్చి నివేదికలో ‘వ్యర్థజలాల ఏర్పాటు తృప్తికరం’ అని రాశాను. అబద్ధం కాదు, కాగితం ఉంది. నిజమూ కాదు. ఆ ఒక్క వరుస రాయడానికి నాకు అర నిమిషం పట్టి ఉంటుంది.

నొయ్యల్ మీద ఒరత్తుపాళయం ఆనకట్ట 1992లో కట్టింది సేద్యానికి. చివరికి అది అద్దకపు నీళ్ళ తొట్టి అయింది. ఆ నీళ్ళు వదిలితే పొలాలు చెడతాయని, మాకు ఆ నీళ్ళు వద్దని దిగువ రైతులు మొత్తుకోవలసి వచ్చింది. రైతులు నీళ్ళు వద్దనడం మన నాగలాపురం వాళ్ళు ఊహించగలరా? కేసు ఏళ్ళ తరబడి నడిచి, 2011 జనవరి 28న మద్రాసు హైకోర్టు తిరుప్పూర్ అద్దకం యూనిట్లన్నిటినీ, ఏడు వందలకు పైగా, మూసేయమంది. చుక్క నీరు కూడా బయటికి వదలని ఏర్పాటు చేసుకున్నవాడే మళ్ళీ తెరవాలి. నేను సంతకం చేసిన ఖాతా మూడు నెలల్లో మొండి బకాయి అయింది. యూనిటు మళ్ళీ తెరుచుకోలేదు. పనివాళ్ళలో మన విళాత్తికుళం చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కొందరు ఉన్నారు, సంచి భుజాన వేసుకుని తిరిగొచ్చారు. నాకు ఏ శిక్షా పడలేదు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి కదా.

ఇదంతా మా పిల్లకు ఆ సాయంత్రమే మొదటిసారి చెప్పాను. ఆమె తప్పుపడుతుందనుకున్నాను. “ఏ రంగు మామా, ఊదానా? ఊదా కష్టం” అని మాత్రం అంది.

ఇక ఆమె బతుకు సంగతి. ఎమ్మెస్సీ తర్వాత డాక్టరేటుకు ఆరేళ్ళు పట్టింది. నెలకింత అని వచ్చే పరిశోధన భృతి ఒకసారి వస్తే ఒకసారి ఏడాదికి గాని రాదు. పొడిని వండాలి, కాల్చాలి, అది ఎలా తయారైందో చూసే యంత్రాలు తమ చోట లేకపోతే నమూనాను చిన్న సీసాలో మూటగట్టి మరో ఊరికి పంపి వరుసలో కాచుకోవాలి. రెండేళ్ళు దక్షిణ కొరియాలో ఉంది. అక్కడ అదే యంత్రం గది పక్కనే ఉందట. ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో అసూయ కంటే అలసటే ఎక్కువ వినిపించింది. తిరిగి రావడానికి మా అక్క జబ్బు కారణం. వచ్చాక పెళ్ళి మాటలు, ఉద్యోగం. కళాశాలవాళ్ళు ఏడాదికి ఇన్ని పరిశోధన పత్రాలు అచ్చు కావాలని లెక్కపెడతారు, మా బ్యాంకులో ఇన్ని బీమా పాలసీలు అమ్మాలన్నట్టే. పత్రాలు రాయాలంటే సులువైన దారి ఉంది. ఒక కొత్త పొడి, ఒక రంగు, ఒక బీకరు, ఒక దీపం. రంగు నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు పోయిందని గీత గీస్తే పత్రం సిద్ధం. ప్రపంచంలో అలాంటి పత్రాలు కొండలా పడి ఉన్నాయట, ఆమెవీ అందులో కొన్ని.

“రంగు పోవడం వేరు, విషం పోవడం వేరు మామా” అంది. రంగు అణువు నడుమ తెగగానే కంటికి నీళ్ళు తేటగానే ఉంటాయి. కాని తెగిన ముక్కలు కొన్ని అసలు రంగు కంటే చెడ్డవి కావచ్చు. అవీ పూర్తిగా విరిగాయో లేదో నీటిలో మిగిలిన కర్బనం కొలిస్తేగాని తెలియదు. ఆ కొలత చూపకుండా రంగు లెక్క మాత్రం చూపడం, మార్చి 31 నాడు ఖాతాను తళతళలాడించి ఏప్రిల్ 2న పాతస్థితికి తెచ్చే మా పార్టీల పని లాంటిదే. నాకు వెంటనే అర్థమైంది.

రెండేళ్ళ క్రితం ఆమె బీకరు విడిచి ఒక అద్దకం యూనిటుకు వెళ్ళింది. పెద్దది కాదు, పేరు అనవసరం. తొట్టిలోంచి నిజమైన నీళ్ళు రెండు డబ్బాలు పట్టి తెచ్చింది. తన పొడి అందులో వేసింది. రోజంతా ఎండలో పెట్టినా రంగు కదల్లేదు. బీకరులో లీటరుకు కొన్ని పదుల మిల్లిగ్రాముల రంగు. తొట్టిలో అది అద్దకపు కషాయం. వెలుతురు అంగుళం కూడా లోపలికి దిగదు. వెలుతురు తగలని గింజ ఉత్త మట్టే. పైగా ఉప్పు. నూలు గుడ్డకు రియాక్టివ్ రంగు పట్టించాలంటే ఉప్పు పోయాలి, కిలో గుడ్డకు దగ్గరదగ్గర అరకిలో, ముదురు రంగులకు ఇంకా ఎక్కువ. అంత పోసినా రంగులో నూటికి ఇరవై ముప్పై పాళ్ళు గుడ్డకు అంటకుండా నీళ్ళలోకే పోతుంది. ఆ ఉప్పులోని క్లోరైడు, ఎంతో కష్టపడి పుట్టిన హైడ్రాక్సిల్ ముక్కలను మధ్యలోనే మింగేస్తుంది. అప్పు తెచ్చిన డబ్బు కొట్టుకు చేరకముందే దారిలో బాకీలవాళ్ళు పట్టుకున్నట్టు.

ఆ రాత్రి ఏడ్చావా అని అడిగాను. “ఏడవలేదు, డబ్బాలు కడిగి పెట్టి పడుకున్నాను” అంది.

ఆ తర్వాత ఆమె దారి మార్చింది. పొడిని నీళ్ళలో కలపడం మానేసి మట్టిపెంకుల మీద పూసి కాల్చి, ఆ పెంకుల మీదుగా నీళ్ళు పల్చగా పారేలా వాలుబల్ల ఒకటి కట్టించింది. మొదటి మురికి మామూలు పద్ధతుల్లో తీసేశాక, చివర మిగిలే లేతరంగును మాత్రం దీంతో విరవడం ఆమె ఆలోచన. ఇలాంటి పనులు మనకంటే ముందు చేసినవాళ్ళున్నారు. స్పెయిన్‌లో అల్మేరియా అనే ఎండసీమలో 1990ల నుంచి అద్దాల తొట్లు పరిచి సూర్యకాంతితో మురికినీటిని శుద్ధిచేసి చూస్తున్నారు. అయితే ఈ విద్య బజారులో గెలిచింది నీళ్ళలో కాదు, కిటికీల్లో. 2001లో ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ టైటానియం పూతపూసిన, తనను తాను కడుక్కునే అద్దం అమ్మకానికి పెట్టింది. గొప్పవాళ్ళ మేడలకు కిటికీ తుడిచే ఖర్చు తప్పుతుంది, వాళ్ళు డబ్బిస్తారు. నొయ్యల్‌కు డబ్బిచ్చేదెవరు?

గెలిచినవారు మనవైపూ లేకపోలేదు. చెన్నై ఐ.ఐ.టి.లో ఆచార్య ప్రదీప్‌గారు వెండి, బంగారు నానోకణాలు కొన్ని పురుగుమందులను విరిచి పట్టుకుంటాయని 2003 నుంచి చూపుతూ వచ్చారు. 2007లో అది యురేకా ఫోర్బ్స్ వారి నీటి వడపోత యంత్రంలోకి ఎక్కి ఇళ్ళకు చేరింది. ఆయన పట్టుకున్న మందుల్లో ఎండోసల్ఫాన్ ఒకటి. ఆ పేరు వింటే నాకు మా నాయన కళ్ళకు కడతాడు. పత్తిచేలో భుజాన డబ్బాతో, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, సాయంత్రం ఇంటికి వస్తే ఆ వాసనే ముందు వచ్చేది. 2011 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. నాయన అప్పటికే లేడు. పత్తి మొదట్లో ఆ మందు, చివర్లో ఈ రంగు. మధ్యలో మనం గుడ్డ కట్టుకుని తిరుగుతున్నాం.

అసలు ఆ రోజు ఆమె అవ్వకోసం మాత్రమే రాలేదు. నేను వస్తున్నానని తెలిసి, ఒక ఫైలు తెచ్చింది. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద నా చేతికిచ్చింది. వాలుబల్లలు పన్నెండు, పంపు, తొట్లు, పెంకులు కాల్చే కొలిమి, ఒక ఏడాది మనిషి కూలి. పద్దెనిమిది లక్షలు. చిన్న సంస్థగా నమోదు చేసుకుని బ్యాంకు అప్పు తీసుకుంటే ఎలా ఉంటుందని అడిగింది. బంధువుల అప్పు నేను చూడకూడదు, అది నిబంధన. “మంజూరు చేయమనడం లేదు మామా. ఇది వేరేవాళ్ళ ఫైలు అనుకుని చదివి చెప్పండి.”

చదివాను. ముప్పై ఏళ్ళుగా ఇదే చదువుతున్నాను గనుక అరగంటలో అయిపోయింది. ఖర్చు లెక్క చక్కగా ఉంది. ఆదాయం లెక్క దగ్గర ఆగాను. శుద్ధిచేసిన నీళ్ళకు ధర కట్టేవాడు లేడు. అద్దకంవాడు డబ్బిస్తాడంటే కోర్టు భయంతో ఇవ్వాలి. కోర్టు భయం ఉన్నవాడు ఇప్పటికే వడపోత పొరలు, ఆవిరి బట్టీలు పెట్టుకున్నాడు, ఎందుకంటే చట్టం అడిగేది రంగు పోవడం ఒక్కటే కాదు, చుక్క కూడా బయటికి పోకపోవడం. భయం లేనివాడు ఏమీ పెట్టడు. ఆమె వాలుబల్ల ఈ ఇద్దరి మధ్యా నిలబడింది. ఆవిరి బట్టీకి పోయేముందు రంగు తగ్గిస్తే పొరలు ఎక్కువకాలం మన్నుతాయని ఆమె రాసింది. అది నిజమే కావచ్చు. ఎంతకాలం, ఎంత ఆదా అన్నది ఎక్కడా నడిపి చూసిన అంకె కాదు, ఊహ.

“నా టేబుల్ మీదికి వస్తే తిరస్కరిస్తాను” అన్నాను.

ఆమె తల ఊపింది. కాసేపయ్యాక నెమ్మదిగా అడిగింది. “ఆ ఊదారంగు యూనిటుకు ఎంత ఇస్తిరి మామా?”

“నలభై రెండు లక్షలు.”

ఇంకేమీ అనలేదు. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. ఆ రాత్రి మిద్దె మీద పడుకుని చాలాసేపు ఆలోచించాను. మా కొలబద్ద తప్పా? ఆ యూనిటు ఫైలులో ఆదాయం గట్టిగా ఉంది, ఎందుకంటే నది చెడగొట్టిన ఖర్చు అందులో ఎక్కడా రాయలేదు. దిగువ రైతు మోసిన ఖర్చు అది. ఈ పిల్ల ఫైలులో ఆ ఖర్చే అసలు సరుకు, కాని దాన్ని కొనేవాడు లేడు. ఒకే లెక్క రెండు పుస్తకాల్లో చెరిసగం పడి, నేను రెండుసార్లూ సగమే చదివాను. బ్యాంకు అధికారిగా ఇప్పటికీ నా జవాబు తిరస్కరణే. ప్రభుత్వ విజ్ఞాన సంస్థల సహాయనిధికి దరఖాస్తు పెట్టుకో, అది అప్పు కాదు, ముందు ఒక యూనిటులో ఆరు నెలలు నడిపి అంకెలు తెచ్చుకో, అప్పుడు మళ్ళీ చూద్దాం అని చెప్పాను. సరైన సలహానే. నాకే రుచించలేదు.

ఇక అమ్మను ఎందుకు ఆపిందో చెబుతానన్నాను. మరునాడు పొద్దున ఆమె సంచిలోంచి కలంలాంటి చిన్న మీటరు తీసి, తేటపడ్డ సీసాలో ముంచింది. అద్దకపు తొట్టి వంతున ఆ మూడు సీసాల్లోనూ ఉప్పు కూడా కలిపి పెట్టిందట. ముట్టని మొదటి సీసాలో అంకె ఆరువేల చిల్లర. తేట సీసాలోనూ ఆరువేల చిల్లరే. పొడి, ఎండ కలిసి రంగును విరిచాయి. ఉప్పును అవి ఏమీ చేయలేవు, ఎందుకంటే ఉప్పులో విరగడానికి ఏమీ లేదు. “ఇది పోస్తే చెట్టు చస్తుంది అవ్వా” అంది.

అమ్మకు వెంటనే తెలిసింది. మా పెరటి బావి నీళ్ళు ఉప్పగా మారి ఎన్నో ఏళ్ళయింది. సరదాగా ఆ మీటరు బావి చేదలో ముంచాం, రెండువేల మూడువందలు చూపింది. “దానికంటే ఇదే నయం, కనీసం తేటగా మోసం చేయదు” అని అమ్మ బావిని మెచ్చుకుంది.

ఈ వ్యాసం అచ్చయితే ఆ పిల్ల చదవలేదు. నేనే ఎదురుగా కూర్చుని చదివి వినిపించాలి, ‘ఉత్ప్రేరకం’ వచ్చినచోట ఆగి. ఆ లోపు ఒక యూనిటు యజమాని తన వెనకదొడ్డిలో రెండు వాలుబల్లలు పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడని ఫోను చేసింది. డబ్బు ఇవ్వడు, చోటు ఇస్తాడు, కరెంటు ఇస్తాడు. పెంకుల ఖర్చు నా భవిష్యనిధిలోంచి ఇచ్చాను. అప్పు కాదు, పద్దు రాయలేదు. వచ్చే ఆదివారం పెంకులు చేరవేయడానికి వ్యాను మాట్లాడింది. నేనూ వస్తున్నానని చెప్పాను. ఆ యూనిటు వెనకవైపు కాలువ ఉందా అని అడిగితే, ఉందంది.